మెక్సికో లోయ భూమి కాగితాలు: ఛార్లెస్ గిబ్సన్ పరిశోధనా జీవితం



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి నిర్వాహకులు పెట్టిన నిబంధన ఒక్కటే. విషయం భూమికి సంబంధించినదై ఉండాలి. ఏ దేశపు భూమి అన్నది వాళ్లు రాయలేదు. ఆ వెసులుబాటు చూసుకుని ఇవాళ మిమ్మల్ని మెక్సికో తీసుకుపోతున్నాను. భూమి చరిత్ర అనగానే మనం మన్రో దొర, రైత్వారీ, 1802 నాటి శాశ్వత పరిష్కారం చుట్టూ తిరుగుతాం. తిరగాల్సిందే, మన పొలాల సర్వే నంబర్లు అక్కడినుంచి వచ్చినవే. కానీ పరాయి పాలన కింద పడ్డ ఒక సమాజం తన నేలను ఏ వరసలో పోగొట్టుకుంది, ఎంత మిగుల్చుకుంది, మిగిలినచోట ఎలా మిగిలింది అన్న ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు వెతికిన ఒక మనిషి పని చూపించాలని నా కోరిక. ఆయన పేరు ఛార్లెస్ గిబ్సన్.

గిబ్సన్ 1920లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పుట్టాడు. యేల్‌లో డిగ్రీ, టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., మళ్లీ యేల్‌లోనే 1950లో డాక్టరేటు. 1949 నుంచి అయోవాలో, 1965 నుంచి మిషిగన్‌లో పాఠాలు చెప్పాడు. 1977లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు. 1985లో పోయాడు. జీవితచరిత్రకారుడికి ఇందులో పెద్దగా సరుకు లేదు. రాసిన పుస్తకాలు కూడా బీరువాలు నింపేటన్ని కావు. అసలు చెప్పుకోవలసినవి రెండు: 1952లో వచ్చిన త్లాస్కాలా పుస్తకం, 1964లో వచ్చిన ‘ది ఆజ్‌టెక్స్ అండర్ స్పానిష్ రూల్’. ఈ రెంటి మధ్య పన్నెండేళ్లు. ఏడాదికో పుస్తకం అచ్చువేస్తే తప్ప ప్రమోషన్ రాని మన కాలానికి ఆ పన్నెండేళ్లు కొంచెం వింతగానే కనిపిస్తాయి.

ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లో మెక్సికో చరిత్ర ఎలా ఉండేదో ఒక్క మాటలో చెప్పాలి. ప్రెస్కాట్ 1843లో రాసిన విజయగాథ అప్పటికీ ఆదర్శం. 1519లో స్పానిష్ సేనాని కోర్తెస్ ఒడ్డున దిగుతాడు, 1521లో ఆజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ కూలుతుంది. ఆ తర్వాత రంగం మీదికి వైస్రాయిలు, బిషప్పులు, సన్యాసులు వస్తారు. ఓడిపోయినవాళ్లు ఏమయ్యారు? బాప్తిస్మం తీసుకున్న తలల లెక్కలో కనిపించి, ఆ తర్వాత తెరచాటుకు పోతారు. మళ్లీ 1810 స్వాతంత్ర్య తిరుగుబాటు నాటికి రైతులుగా ప్రత్యక్షమవుతారు. మధ్యలో దాదాపు మూడువందల ఏళ్లు ఖాళీ. గిబ్సన్ తన ఉద్యోగకాలమంతా ఆ ఖాళీ మీదే గడిపాడు.

త్లాస్కాలా ఎంపికే తెలివైనది. మెక్సికో లోయకు తూర్పున ఉన్న ఈ రాజ్యం ఆజ్‌టెక్‌లకు పాత శత్రువు. మొదట కోర్తెస్‌తో పోరాడి, తర్వాత అతనితో చేయి కలిపింది. తెనోచ్‌తిత్లాన్ ముట్టడిలో స్పానిష్ సిపాయిల పక్కన వేలమంది త్లాస్కాలా యోధులు ఉన్నారు. ఆ సాయాన్ని వాళ్లు మరచిపోలేదు, రాజును మరచిపోనివ్వలేదు కూడా. సముద్రం దాటి స్పెయిన్‌కు రాయబారాలు పంపారు, అర్జీలు పెట్టారు, తాము చేసిన యుద్ధాలన్నీ బట్ట మీద బొమ్మలుగా గీయించి చూపారు. స్పెయిన్ నుంచి తెచ్చిన నగరసభ పద్ధతిని, అంటే కబిల్దోను, పట్టుకుని తమ పాత పెద్దరికాలను అందులోకి ఎక్కించారు. తమ నావాట్ల్ భాషలో, రోమన్ లిపిలో మినిట్స్ రాసుకున్నారు.

ఆ మినిట్స్ పుస్తకంలో 1553 నాటి ఒక సమావేశం ఉంది. చర్చ కోచినీల్ గురించి. నాగజెముడు జాతి మొక్కల మీద పెరిగే ఈ పురుగును ఎండబెడితే ఎర్రరంగు వస్తుంది, ఐరోపాలో దానికి మంచి ధర. సభలో పెద్దల గోడు ఏమిటంటే: జనం మొక్కజొన్న వేయడం మానేసి ఈ పురుగుల వెంట పడ్డారు, తిండిగింజలు సంతలో కొంటున్నారు, నిన్నటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఇవాళ డబ్బు చూసుకుని పెద్దాచిన్నా లేకుండా ప్రవర్తిస్తున్నాడు. వాణిజ్యపంట వచ్చిన ఏ ఊరి రచ్చబండ మీదైనా వినగలిగే మాటలే. స్పానిష్ విజయం జరిగి ముప్పై ఏళ్లు దాటిన సమాజం ఇది. కూలిపోయి శోకిస్తున్న జనం కాదు, పక్కవాడి డబ్బు మీద గొడవ పడుతున్న జనం. గిబ్సన్ పుస్తకం ఈ మనుషులకు చరిత్రలో చోటు ఇచ్చింది. అదే సమయంలో పుస్తకం రెండో సగం, శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ ప్రత్యేక హక్కులు ఒక్కొక్కటీ ఎలా పలచబడ్డాయో కూడా చూపింది. 1591లో ఉత్తర సరిహద్దుల్లో కాపురం పెట్టడానికి నాలుగువందల త్లాస్కాలా కుటుంబాలను పంపించడం అందులో ఒక ఘట్టం.

ఇక అసలు పుస్తకం. మెక్సికో లోయ అంటే ఇప్పటి మెక్సికో నగరం, దాని చుట్టుపక్కల. అప్పట్లో మధ్యలో సరస్సులు, ఒడ్డున ఊళ్లు, నీళ్లలో చినాంపా మడులు. 1519 నుంచి 1810 దాకా ఈ ఒక్క లోయలో స్థానికుల జీవితం మొత్తాన్ని గిబ్సన్ తవ్వి తీశాడు. పుస్తకం ఏళ్లవారీగా నడవదు. తెగలు, ఎన్‌కొమియెండా, మతం, ఊరు, పన్ను, శ్రమ, భూమి, సేద్యం, సంత, నగరం అంటూ అంశాలవారీగా నడుస్తుంది. చదవడానికి తేలికైన పుస్తకం కాదు. ఒక్కో పేరా కింద పది దస్తావేజుల బరువు ఉంటుంది, రచయిత గొంతు ఎక్కడా పెరగదు. ఆవేశపడాల్సిన చోట కూడా ఆయన లెక్క చెప్పి ఊరుకుంటాడు. ఇది నాకు నచ్చిన గుణమే గానీ, అందరికీ నచ్చాలని లేదు.

అధ్యాయాల వరసలో పన్ను, శ్రమ అయ్యాకే భూమి వస్తుంది. పుస్తకం వాదనంతా ఆ వరసలో ఉందని నా అభిప్రాయం. వలస పాలన అంటే తెల్లవాడు వచ్చి నేల లాక్కోవడం అని మనకు నోటికొచ్చిన పాఠం. మెక్సికో లోయలో మొదటి తరం స్పానిష్ వాళ్లు నేల అడగలేదు. మనుషుల్ని అడిగారు. ఎన్‌కొమియెండా అంటే భూమి పట్టా కాదు. ఫలానా ఊరి ప్రజల నుంచి పన్ను, మొదట్లో వెట్టి కూడా, రాబట్టుకునే హక్కు. ఊరివాళ్ల పొలం ఊరివాళ్లదే. పండిన మొక్కజొన్న, నేసిన బట్ట, కోళ్లు, కట్టెలు, మనుషుల రెక్కలు ఆ హక్కుదారుడైన ఎన్‌కొమియెందేరోకి చేరేవి. లక్షలమంది పండించి తెచ్చి ఇస్తుంటే నాగలి పట్టాల్సిన అవసరం ఎవరికి?

తర్వాత జనం చచ్చిపోయారు. 1545లో మొదలై ఒక మహమ్మారి, 1576లో మొదలై మరొకటి, మధ్యలో చిన్నవి చాలా. గిబ్సన్ అంచనా ప్రకారం విజయం నాటికి లోయలో సుమారు 15 లక్షలమంది ఉండగా, 1570 నాటికి 3,25,000 మంది మిగిలారు. పదిహేడో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి 70,000. ఇరవైమందిలో ఒక్కడు. ఈ లెక్కల మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి, మొదటి అంకె ఎక్కువనీ తక్కువనీ అన్నారు. జారుడు ఏ దిక్కుకో, ఎంత ఘోరమో అన్నదాని మీద మాత్రం తగవు లేదు.

పన్ను కట్టేవాళ్లు లేకపోతే ఎన్‌కొమియెండాకు విలువేముంది? నగరానికి గోధుమ, మాంసం, మొక్కజొన్న ఎవరు తేవాలి? అప్పుడు నేల మీద కన్ను పడింది. అప్పటికి నేల ఖాళీగా ఉంది కూడా. మనుషులు పోయాక భూమి పోయింది. భూమి పోయినందువల్ల మనుషులు పోలేదు. ఈ వరసను పన్నులూ జమలూ దాఖలాలూ పెట్టి ఊరూరా నిరూపించడమే గిబ్సన్ చేసిన పని. స్పెయిన్‌ను వెనకేసుకు రావడానికి కొందరు ఈ వాదనను వాడుకోబోయారు. ఆయన అందుకు ఒప్పుకునే మనిషి కాడు. స్పానిష్ క్రూరత్వం గురించి ప్రచారంలో ఉన్న ‘నల్లగాథ’ మీద ఒక సంకలనం కూడా కూర్చాడు. ఆ గాథలో అతిశయోక్తులు ఉన్నాయని చెబుతూనే, స్థానికులు దోపిడికి గురయ్యారన్న దాని సారం నిజమేనని తన పెద్ద పుస్తకం ముగింపులో తేల్చి రాశాడు.

భూమి చేతులు మారిన పద్ధతి దగ్గర కాస్త ఆగుదాం. రాజు పేరిట వైస్రాయి ఇచ్చే భూదానాన్ని మెర్సెద్ అనేవారు. కావలసినవాడు అర్జీ పెట్టుకుంటాడు. అర్జీ స్థానిక అధికారికి విచారణ కోసం పోతుంది. ఆయన ఆ ఊరికి వెళ్లి, ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు జనం ఉండగా వాళ్ల భాషలో చాటింపు వేయించాలి: ఫలానావాడు ఫలానా చోట భూమి అడుగుతున్నాడు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. ఆపైన ఇరువైపులా సాక్షులను విచారించాలి, నక్షా గీయించాలి. ఆ నక్షాల్లో చాలావాటిని ఊరి చిత్రకారులే గీశారు. దారి అంటే అందులో వరసగా పాదముద్రలు. నీళ్లంటే సుళ్లు తిరిగే గీతలు. కొండ గంట ఆకారంలో ఉంటుంది, ఊరు ఉన్నచోట చిన్న గుడి. అడిగిన భూమి నడుమ తెల్లగా వదిలేసి ఉంటుంది. పక్కన స్పానిష్ గుమాస్తా రాత. మెక్సికో జాతీయ అభిలేఖాగారంలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి, మన సర్వే శాఖ ఎఫ్.ఎం.బి. పటాలు చూసి విసిగిన కళ్లకు పండగలా ఉంటాయి.

మంజూరైతే స్వాధీన కార్యక్రమం. అధికారి కొత్త యజమానిని చెయ్యి పట్టుకుని ఆ నేల మీద నడిపిస్తాడు. అతను గడ్డి పీకుతాడు, రాళ్లు విసురుతాడు, అటూ ఇటూ తిరుగుతాడు. ఎవరూ అడ్డుపడలేదు కాబట్టి శాంతియుతంగా స్వాధీనమైందని గుమాస్తా రాసుకుంటాడు. వ్యవసాయానికి ఇచ్చే ఒక కబయ్యెరియా మన లెక్కలో సుమారు 105 ఎకరాలు. పశువుల మేతకు ఇచ్చే పెద్ద ఎస్తాన్సియా 4,300 ఎకరాల పైమాట.

చట్టం ఒక్కచోట గట్టిగా చెప్పింది: స్థానికులకు నష్టం కలిగేలా ఇవ్వకూడదు. అయితే నష్టం లేదని తేల్చడానికి ఆ నేల ఖాళీగా ఉందని రాస్తే చాలు. రోగాలకు ఊరు సగమైపోయి బీడుపడ్డ పొలం ఖాళీదే. బలం పుంజుకోవడానికి నాలుగేళ్లు వదిలేసిన పొలమూ ఖాళీదే. మన్యంలో పోడు భూముల గురించి మన అటవీశాఖ రాతలు చదివినవాళ్లకు ఈ ఖాళీ ఎంత సౌకర్యమైనదో చెప్పనక్కర్లేదు. పైగా చెదిరిపోయిన పల్లెలను ఒకచోటికి చేర్చే కాంగ్రెగసియోన్ పథకం ఒకటి నడిచింది. పదహారో శతాబ్దం మధ్యలో ఒకసారి, 1600 అటూ ఇటూగా మరోసారి. పాత పల్లె లేచిపోయాక దాని పొలాలు ఎవరివి? వాళ్లవేనని ఉత్తర్వు. పక్కనే కాచుకుని ఉన్నవాడికి ఆ ఉత్తర్వు చదివే తీరిక లేదు. పశువుల సంగతి వేరే చెప్పాలి. దస్తావేజు రాకముందే ఆవులు వచ్చి మొక్కజొన్న తినేసేవి. పంట దక్కని పొలాన్ని రైతు వదిలేస్తాడు, వదిలేసిన పొలం మళ్లీ ఖాళీదవుతుంది.

దారితప్పి ఆక్రమించుకున్నవాళ్లకు కూడా రాజు దారి చూపించాడు. 1591 ఉత్తర్వుతో మొదలై, 1640లలో ముమ్మరంగా సాగిన కొంపొసిసియోన్ అనే పద్ధతి అది. ఖజానాకు రుసుము కడితే హక్కు లేని భూమికి హక్కు వస్తుంది. రాజుకు యుద్ధాల ఖర్చు, పెద్దకమతాలకు నికార్సయిన పట్టా. సాదాబైనామాల క్రమబద్ధీకరణకు అర్జీ పెట్టుకున్న చిన్నరైతు ఎంత తిరిగాడో తెలిసిన మనకు, అక్కడ పెద్దరైతుకు పని ఎంత తేలిగ్గా అయిపోయిందో చూస్తే కొంచెం అసూయ కలుగుతుంది.

శ్రమ విషయంలో గిబ్సన్ చెప్పింది ఆనాడు చాలామందికి మింగుడుపడలేదు. హసియెండా, అంటే స్పానిష్ పెద్దకమతం, అప్పులతో కట్టిపడేసిన పాలేళ్ల జైలు అని అందరి నమ్మకం. గిబ్సన్ లోయలోని హసియెండాల లెక్కలు చూశాడు. అప్పులు ఉన్నాయి, కానీ అనుకున్నంత పెద్దవి కావు, అందరి మీదా లేవు. అంతకుముందు వారానికి ఇంతమంది చొప్పున ఊళ్ల నుంచి బలవంతంగా పనికి తోలే రెపార్తిమియెంతో నడిచింది. పొలం పనులకు దాన్ని 1630లలో రద్దు చేశారు. 1607లో మొదలైన వెవెతోకా మురుగు కాలువ లాంటి ప్రభుత్వ పనులకు మాత్రం తోలకం ఆగలేదు. ఊళ్లో ఉంటే పన్ను, చాకిరీ, గుడి ఖర్చు, పెద్దల జులుం. హసియెండాకు పోతే కూలి, తిండి, పన్ను కట్టిపెట్టే యజమాని. కొందరు తమంతట తాము వెళ్లారు. ఇది హసియెండాకు మెచ్చుకోలు కాదు. ఊరు ఎంత అన్యాయంగా ఉండేదో దానికి లెక్క. నిజాం కాలపు భగేలాల, అంటే అప్పుకు కట్టుబడ్డ పాలేళ్ల మీద పనిచేసేవాళ్లు ఈ అధ్యాయాన్ని వ్యతిరేకించడానికైనా చదవాలి.

ఇప్పుడు గిబ్సన్ చేతికి చిక్కనిది. ముగింపులో ఆయన స్థానిక సమాజం గురించి గీసిన చిత్రం చాలా చీకటిది: విడిపోయి, కుంచించుకుపోయి, తాగుడుకు లొంగిపోయిన జనం. తాగుడు మాట ఆయన గట్టిగానే అన్నాడు. దాన్ని ప్రశ్నించింది ఆయన దగ్గర చదువుకున్నవాడే, విలియమ్ టేలర్. 1979లో టేలర్ తాగుడు, హత్య, తిరుగుబాటు అనే మూడింటినీ కలిపి ఒక పుస్తకం రాశాడు. నేరవిచారణ కాగితాలు చదివి, పల్లెల్లో తాగుడుకు కట్టుబాట్లు ఉన్నాయని, అది ఎక్కువగా పండగకూ పబ్బానికీ చేరిన సంగతి అని, అది తాగి పడిపోయిన సమాజం కాదని చూపాడు. ఎప్పుడో ఒకప్పుడు ఊరంతా కర్రలూ రాళ్లూ పట్టుకుని లేచేది. ఆ గొడవల్లో ఆడవాళ్లు తరచు ముందుండేవారు. గొడవ ఆ ఊరి అధికారితోనే, రాజ్యంతో కాదు. గురువును ఆయన అడిగిన ప్రశ్నలతోనే కాదనడం మంచి శిష్యుడి లక్షణం. మన విశ్వవిద్యాలయాల్లో గైడు బతికుండగా ఇంత ధైర్యం చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టేలర్ మొదటి పుస్తకం మన విషయానికి ఇంకా దగ్గరిది. 1972లో వచ్చిన ‘లాండ్‌లార్డ్ అండ్ పెజంట్ ఇన్ కలోనియల్ వహాకా’. అప్పటికి పెద్దకమతాల మీద ఫ్రాన్స్వా షెవాలియె 1952లో రాసిన గ్రంథం ప్రమాణం. ఉత్తర మెక్సికోలో కనుచూపు మేర హసియెండాలు, వాటి మధ్య చిన్న రాజుల్లాంటి యజమానులు. ఆ బొమ్మను దేశమంతటికీ అతికించేశారు. టేలర్ దక్షిణాన వహాకా లోయకు వెళ్లి చూస్తే కథ తలకిందులైంది. అక్కడ వలసపాలన చివరికి కూడా సాగుభూమిలో దాదాపు మూడింట రెండు వంతులు స్థానిక ఊళ్ల చేతుల్లో, స్థానిక దొరల చేతుల్లో, వ్యక్తుల చేతుల్లో ఉంది. స్పానిష్ కమతాలు చిన్నవి, అప్పుల్లో ఉన్నవి, తరచు చేతులు మారేవి. ఎత్లా, క్విలాపాన్ ప్రాంతాల్లోని స్థానిక కసీకెలు, అంటే వంశపారంపర్య దొరలు, చాలామంది స్పానిష్ వాళ్లకంటే పెద్ద భూస్వాములు.

ఎందుకిలా? అక్కడ గనులు లేవు, పెద్ద నగరం లేదు, స్పానిష్ జనాభా తక్కువ. 1529లో కోర్తెస్‌కి దక్కిన మార్కెస్ బిరుదు జాగీరులో ఒక భాగం ఆ లోయలోనే ఉండి, మిగతా స్పానిష్ వాళ్ల విస్తరణకు అడ్డుగా నిలిచింది. ఊళ్లు ఒక్క సెంటు కోసమైనా కోర్టుకెక్కడానికి వెనకాడలేదు. లోయ మారితే న్యాయం మారింది. ఒక తాలూకా చూసి రాష్ట్రం గురించి తీర్పు చెప్పే అలవాటు మనకూ ఉంది, గోదావరి డెల్టా కథను రాయలసీమ మీద రుద్దడం ఎంతకాలం చేశామో గుర్తు చేసుకోండి.

కోర్టు మాట వచ్చింది కాబట్టి చరిత్రకారుడు వుడ్రో బోరా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1592 నుంచి న్యూ స్పెయిన్‌లో, అంటే స్పానిష్ పాలనలోని మెక్సికోలో, స్థానికులకు ప్రత్యేక న్యాయస్థానం నడిచింది. పన్నుకట్టే ప్రతి స్థానికుడి దగ్గరా ఏడాదికి అర రియాల్ వసూలు చేసి, ఆ డబ్బుతో వకీళ్లకూ గుమాస్తాలకూ జీతాలిచ్చేవారు. వ్యాజ్యం వేసినవాడు వేరే ఫీజు ఇవ్వనక్కర్లేదు. ఒక రకంగా వ్యాజ్యాలకు బీమా. బోరా 1983లో ఈ సంస్థ మీద పుస్తకం రాసినప్పుడు బీమా అన్న మాటనే శీర్షికలో పెట్టాడు. ఈ ఏర్పాటు వల్ల భూమి మొత్తం నిలిచిందని ఎవరూ అనలేరు. కొన్ని ఊళ్లకు వందల ఏళ్లపాటు వాదించే శక్తి మాత్రం ఇచ్చింది. ఊరికి చట్టం కనీసంగా హామీ ఇచ్చిన నేల ఉండేది: మొదట 1567లో 500 వారాలు, తర్వాత 1687లో 600. వారా అంటే గజానికి కాస్త తక్కువ. 1687లో ఆ 600ను ఊరి చివరి ఇంటి నుంచి కొలవమన్నారు. అలా కొలిస్తే ఇల్లు ఒకటి దూరంగా వేసుకున్న ప్రతిసారీ ఊరి హద్దు జరుగుతుంది కదా! హసియెండాల యజమానులు గోల పెట్టారు. 1695లో కొలత గుడి నుంచి మొదలుపెట్టాలని మార్చారు. తాడు పట్టుకుని గుడి గుమ్మం ముందు నిలబడ్డ ఊరివాళ్లూ, రెండో చివర పట్టుకున్న హసియెండా మనుషులూ పోట్లాడుకోవడం ఎన్ని దస్తావేజుల్లో ఉందో.

ఇక్కడ మనకు బాగా పనికొచ్చే సంగతికి వస్తున్నాను. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దంలో చాలా ఊళ్లు తమ పట్టాలు చూపించమన్నప్పుడు చూపించడానికి కాగితాలు తయారుచేసుకున్నాయి. వీటిని తీత్యులోస్ ప్రిమోర్దియాలెస్ అంటారు. ఊరు ఎలా పుట్టింది, మొదటి పెద్దలు ఎవరు, స్పానిష్ వాళ్లు వచ్చినప్పుడు ఏం జరిగింది, గుడి ఎప్పుడు కట్టాం, హద్దులు ఏ బండ నుంచి ఏ వాగు దాకా అన్నది పెద్దలు పిల్లలకు చెబుతున్నట్టు నావాట్ల్‌లో రాసి ఉంటుంది. తేదీలు కలవవు. వైస్రాయిల పేర్లు తారుమారు. కొన్ని ఊళ్లు పాతవిగా కనిపించాలని చెట్టుబెరడు కాగితం మీద బొమ్మలతో రాయించుకున్నాయి. న్యాయాధికారులు వీటిని నకిలీలని పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి. చట్టం కళ్లతో చూస్తే వాళ్ల మాటా తప్పు కాదు.

గిబ్సన్ భూమి అధ్యాయం స్పానిష్ దస్తావేజుల మీద నిలబడింది. ఇలాంటి కాగితాల లోపలికి ఆయన పెద్దగా దిగలేదు. ఆ పని తర్వాతివాళ్లు చేశారు. జేమ్స్ లాక్‌హార్ట్ 1992లో నావాట్ల్ వీలునామాలు, అమ్మకపు పత్రాలు, ఊరి లెక్కలు చదివి, ఊరివాళ్లు తమలో తాము ఏం రాసుకున్నారో చూపాడు. స్పానిష్ వాళ్లు పెట్టిన ఎన్‌కొమియెండా, పారిష్, పన్నులూ అన్నీ పాత స్థానిక రాజ్యాల చట్రం మీదే కూచున్నాయని ఆయన తేల్చాడు. ఆ చట్రాన్ని ఊరూరా గుర్తించి పటం గీసింది గిబ్సనే. అదీగాక 1975లో ఆయన, జాన్ గ్లాస్ కలిసి స్థానిక సంప్రదాయంలోని గద్య రాతప్రతులన్నిటికీ ఒక జాబితా తయారుచేశారు. తాను లోతుగా చదవని కాగితాలను తర్వాతివాళ్లు వెతుక్కోకుండా చేతికి అందించాడన్నమాట. జాబితాలు రాసేవాళ్లకు సన్మానాలు జరగవు. అందుకే ఇక్కడ ఒకసారి పేరు పెట్టి చెబుతున్నాను.

ఆ ఊరి పత్రాల గురించి చదువుతుంటే తెలుగువాడికి మన కైఫీయతులు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్నవి. ఊరు ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ ఇనాం ఇచ్చాడు, గుడి మాన్యం ఎంత, హద్దురాళ్లు ఎక్కడ. వాటిని మనం చాలాకాలం రాజుల వంశావళులు ఏరుకోవడానికే వాడాం. తేదీలు కుదరకపోతే పుక్కిటి పురాణమని పక్కన పెట్టాం. కొత్తగా వచ్చిన ప్రభుత్వం మాన్యాల మీద ఆరా తీస్తున్న రోజుల్లో ఒక కరణం ఆ అధికారి మనిషికి ఏం చెబుతాడు, ఎంత చెబుతాడు, ఏది మరచిపోతాడు? ఈ ప్రశ్న పెట్టుకుని ఒక తాలూకా కైఫీయతులను, అక్కడి ఇనాం కమిషన్ ఫైసలాలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ కాగితాలు వేరే కథ చెబుతాయి.

మెక్సికోలో ఆ పాత కాగితాలు మ్యూజియంలోకి పోయాయనుకోకండి. 1909లో అనెనెకూయిల్కో అనే పల్లె ఎమిలియానో సపాతాను తన పెద్దగా ఎన్నుకున్నప్పుడు, వృద్ధులు అతనికి అప్పగించింది ఊరి దస్తావేజుల కట్ట. రెండేళ్లు దాటాక, 1911లో అతను పల్లెల భూములు తిరిగి ఇవ్వాలని అయాలా ప్రణాళిక ప్రకటించాడు. 1917 రాజ్యాంగం 27వ అధికరణం ఆ కోరికకు చట్టం రూపం ఇచ్చింది. 1992 సవరణ దాన్ని చాలావరకు వెనక్కు తీసుకుంది.

అదే 1917లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏజెన్సీ ప్రాంతాల భూబదలాయింపు చట్టం వచ్చింది. యాదృచ్ఛికమే. కానీ దాని వెనక ఉన్న సమస్య గిబ్సన్ పాఠకుడికి పరిచయమైనదే: గిరిజనుడి నేల అప్పుల్లో, అమ్మకాల్లో, ఖాళీదన్న రాతల్లో జారిపోవడం. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో నంబరు. వన్ ఆఫ్ సెవెంటీ అంటే మన్యంలో చిన్నపిల్లాడికీ తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచే వచ్చిందని ముందు అనుకుని, కాదని నిరూపించే భారం అతని మీద పెట్టిన చట్టం అది. స్పానిష్ వైస్రాయిలు ఇంత దూరం రాలేదు. అక్కడ ఖాళీ భూమి కాదని నిరూపించే బాధ్యత ఊరిదే. కాగితం మీద మన చట్టం ఎంతో గట్టిది. నేల మీద ఎంత నిలిచిందన్నది భద్రాచలం, పాడేరు, ఉట్నూరు ప్రాంతాల్లో స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ల ముందు నడిచిన ఎల్.టి.ఆర్. (భూబదలాయింపు) కేసుల్లో ఉంది. వాటి మీద న్యాయవాదులు రాశారు, ఉద్యమకారులు రాశారు, సుప్రీంకోర్టు 1997 సమతా తీర్పు మీద చాలామంది రాశారు. ఒక లోయ పట్టుకుని, ముందు పన్ను, తర్వాత శ్రమ, తర్వాత భూమి అన్న వరసలో, ఊరూరా జనాభా లెక్కతో కలిపి, వందేళ్ల పొడవునా ఈ కాగితాలను చరిత్రకారుడు చదవాల్సిన పని ఇంకా చాలా ఉంది. కోయ, గోండు, కొండదొర, సవర పెద్దలు కేసులో ఇచ్చిన వాంగ్మూలం గుమాస్తా తెలుగులోకి మారి ఉంటుంది. ఆ మార్పుకు వెనక ఉన్న మాట వినాలంటే వాళ్ల భాష కొంతైనా రావాలి. గిబ్సన్‌కీ లాక్‌హార్ట్‌కీ మధ్య తేడా అదే.

ఆ పనికి దిగే విద్యార్థి ఎవరైనా ఈ గదిలో ఉంటే గిబ్సన్ పుస్తకాన్ని మొదటినుంచి చదవనక్కర్లేదు. శ్రమ మీది అధ్యాయం, దాని వెంటనే భూమి మీది అధ్యాయం చదివి, నేరుగా రికార్డు రూముకు వెళ్లండి. ఫైలు బయటికి తీయించడం అన్నది మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు, అది మీకూ కచేరీ గుమాస్తాకూ మధ్య తేలాల్సిన వ్యవహారం.